ఎర్ర గీత దాకా: సోయిచిరో హోండా

మన హాస్టల్లో బండ్ల గురించి మాట మొదలైందంటే నిమిషంలో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకటి బుల్లెట్ పార్టీ. తక్కువ ఆర్పీఎంలోనే దడదడమని తోసుకుపోయే టార్క్ ముందు ఏదైనా దిగదుడుపే అంటారు వాళ్ళు. రెండోది నేనున్న పార్టీ. నూటయాభై, రెండొందల సీసీ స్పోర్ట్స్ బండి ఎక్కి, టాకోమీటర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకి వచ్చేదాకా గేరు మార్చబుద్ధి కానివాళ్ళం. మమ్మల్ని వాళ్ళు మిక్సీ బ్యాచ్ అంటారు. అననీ. మసాలా నూరేది మిక్సీయే కదా.

ఆ మిక్సీ చప్పుడుకి ఒక పుట్టిల్లు ఉంది, ఆ ఇంటికో పెద్దాయన ఉన్నాడు. రోజూ ట్యాంకుల మీద, స్కూటర్ల వెనకాల హోండా అన్న పేరు చదువుతూనే ఉంటాం గానీ, అది ఒక కమ్మరి ఇంటిపేరని మనకి తట్టదు. సోయిచిరో హోండా పోయి మూడు దశాబ్దాలు దాటింది. ఆయన గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా కష్టపడి పైకొచ్చిన వ్యాపారి కథే చెబుతారు. నాకు ఆ కథ మీద పెద్ద ఆసక్తి లేదు. చిన్న ఇంజిన్‌ని అంత వేగంగా ఎందుకు తిప్పాలనుకున్నాడు, ఎక్కడ ఆగాలో ఎలా తెలుసుకున్నాడు, నాకు కావాల్సింది ఈ రెండే.

ముందు కాస్త సబ్జెక్టు. మెకానికల్ వాళ్ళు ఈ పేరా దాటేసినా పర్లేదు. పవర్ అంటే టార్క్‌ని తిరిగే వేగంతో గుణించడం. టర్బో లాంటివి లేకపోతే టార్క్ దాదాపుగా ఇంజిన్ సైజుని బట్టే ఉంటుంది, ఎందుకంటే సిలిండర్ ఒక్క శ్వాసలో ఎంత గాలి పీల్చగలదో అంతే పెట్రోలు కాల్చగలదు. పెద్ద ఇంజిన్‌ది పెద్ద శ్వాస. చిన్నదానికి ఆ అదృష్టం లేదు కాబట్టి ఎక్కువసార్లు పీల్చాలి, అంటే ఎక్కువ తిరగాలి. ఇంకో దారి లేదు. ఈ ఒక్క లెక్కనే సోయిచిరో జీవితమంతా పట్టుకుని వేలాడాడు.

ఆయన 1906 నవంబర్ 17న జపాన్‌లో షిజువోకా ప్రాంతంలోని కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. హమమత్సు పట్నానికి దగ్గర. తండ్రి గిహెయ్ కమ్మరి, తర్వాత్తర్వాత సైకిళ్ళ రిపేర్లు కూడా మొదలుపెట్టాడు. ఆ ఊరికి మొదటిసారి ఫోర్డ్ మోడల్-టీ కారు వచ్చినప్పుడు పిల్లవాడు దాని వెనకే పరిగెత్తి, అది నేల మీద కార్చిన నూనె వాసన చూసి మురిసిపోయాడట. 1917లో ఆర్ట్ స్మిత్ అనే అమెరికన్ పైలట్ హమమత్సులో విమానం నడిపి చూపిస్తున్నాడని తెలిసి, ఇంట్లో చెప్పకుండా నాన్న సైకిలు ఎత్తుకెళ్ళాడు. టికెట్టుకి డబ్బుల్లేవు. పక్కనున్న చెట్టెక్కి చూశాడు. పదేళ్ళ పిల్లలు ఎక్కడైనా ఒకటే.

పదిహేనేళ్ళకి, 1922లో, టోక్యోలో ఆర్ట్ షోకాయ్ అనే కార్ల రిపేరు షాపులో పనికి కుదిరాడు. కొన్నాళ్ళు యజమాని బిడ్డని ఆడించడమే ఉద్యోగం. 1923 నాటి పెద్ద భూకంపం తర్వాత అనుభవమున్న పనివాళ్ళు చాలామంది వెళ్ళిపోవడంతో చేతికి స్పానర్ వచ్చింది. ఆ షాపువాళ్ళు కర్టిస్ విమానం ఇంజిన్ బిగించి ఒక రేసు కారు కట్టారు. 1924లో అది గెలిచినప్పుడు డ్రైవర్ పక్కన మెకానిక్‌గా కూర్చున్నది సోయిచిరోయే. 1928లో హమమత్సు వచ్చి అదే షాపు బ్రాంచి పెట్టాడు.

రేసుల పిచ్చి మాత్రం వదల్లేదు. 1936 జూన్‌లో టోక్యో దగ్గర తమగావా స్పీడ్‌వేలో తను కట్టిన కారు తనే నడుపుతూ, పిట్‌లోంచి ట్రాక్ మీదికొస్తున్న ఇంకో కారుని గుద్దుకున్నాడు. కారు పల్టీలు కొట్టింది. పక్కన కూర్చున్న తమ్ముడు బెంజిరోకి, ఆయనకి, ఇద్దరికీ గట్టి దెబ్బలే తగిలాయి. డ్రైవర్‌గా ఆయన కథ దాదాపు అక్కడితో ముగిసింది. వేగానికి గీత ఎక్కడుందో లెక్కల్లో కాకుండా ఒంటి మీద తెలుసుకోవడం ఇదే మొదలు.

ఆ తర్వాతి ఘట్టం మనలాంటి వాళ్ళకోసమే జరిగినట్టు ఉంటుంది. రిపేర్లు చాలు, ఏదైనా తయారుచేద్దాం అని పిస్టన్ రింగుల పని ఎత్తుకున్నాడు. పైకి చూస్తే గాజులాంటి ఇనప రింగు, అంతే. కానీ రాత్రింబగళ్ళు పోత పోసినా రింగులు పనికిరాకుండా పోయాయి. చివరికి హమమత్సు ఇంజినీరింగ్ స్కూల్లో ప్రొఫెసర్ల దగ్గరకి వెళ్తే, లోహాన్ని పరీక్షించి సిలికాన్ చాల్లేదని తేల్చారు. కమ్మరి కొడుక్కి ఆ రోజు మెటలర్జీ అంటే ఏంటో అర్థమైంది. ముప్పై ఏళ్ళ వయసులో, కుర్రాళ్ళ మధ్య, అదే స్కూల్లో క్లాసులకి కూర్చున్నాడు. రింగులకి పనికొచ్చే పాఠాలు విన్నాడు, పరీక్షలు మాత్రం రాయలేదు. డిప్లొమా రాలేదు. ఇది చదివి సెమ్ ఎండ్ ఎగ్గొడదాం అనుకునేవాళ్ళకి ఒక మాట: ఆయన పరీక్షలు ఎగ్గొట్టాడు గానీ ల్యాబ్ ఎగ్గొట్టలేదు. టయోటా వాళ్ళకి మొదట పంపిన 50 రింగుల్లో 3 మాత్రమే పాసయ్యాయి. ఆ తర్వాత ఆ కంపెనీ టయోటాకే రింగులు సప్లయి చేసే స్థాయికి వచ్చింది.

ఈ రింగుల సంగతి ఇంత సేపు ఎందుకు చెప్పానంటే, ఇంజిన్‌ని వేగంగా తిప్పినప్పుడు గోడతో ఆగకుండా రాపిడి పడేది ఆ రింగే. కంబషన్ గ్యాస్‌ని ఆపేది అదే, నూనె పొరని అదుపులో పెట్టేదీ అదే. ఆర్పీఎం గురించి కలలు కన్న మనిషి ఆర్పీఎంని భరించే ముక్క దగ్గరే మొదలుపెట్టాడు. ప్లాన్ చేసుకుని అలా చేశాడని నేను అనడం లేదు. అలా కుదిరింది, అంతే.

1945లో భూకంపం ఆ ఫ్యాక్టరీని దెబ్బతీసింది. యుద్ధం ముగిశాక మిగిలిన వాటా టయోటాకి అమ్మేసి, ఒక ఏడాది ఏ పనీ పెట్టుకోకుండా గడిపాడు. 1946లో మిలటరీ వాళ్ళు వైర్‌లెస్ సెట్ల జనరేటర్లకి వాడి వదిలేసిన చిన్న ఇంజిన్లు దొరికితే వాటిని సైకిళ్ళకి బిగించాడు. మొదటి బండికి పెట్రోలు ట్యాంకు ఏంటనుకున్నారు? పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ సీసా. భార్య సాచి దాన్ని వీధుల్లో తొక్కి చూసింది. జనం ఆ బండిని చప్పుడుని బట్టి బాతాబాతా అని పిలిచారు. మన హైదరాబాద్ వైపు పెద్దవాళ్ళు ఫట్‌ఫటీ అనేది ఇలాగే కదా.

1948 సెప్టెంబర్‌లో కంపెనీ పుట్టింది. మరుసటేడు డ్రీమ్ అనే 98 సీసీ టూ-స్ట్రోక్ బండి, టకేవో ఫుజిసావా అనే భాగస్వామి, రెండూ వచ్చాయి. డబ్బు, అమ్మకాలు, కంపెనీ ముద్ర అన్నీ ఫుజిసావా చేతికిచ్చేసి సోయిచిరో వర్క్‌షాపులో ఉండిపోయాడు. ఎడమ చెయ్యి నిండా పనిముట్ల గాట్లు. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు, కుర్రాళ్ళు ఆయనకి పిడుగు అని పేరు పెట్టుకున్నారు. అదే కుర్రాళ్ళు ఆయన్ని నాన్నలాగా ఒయాజీ అని కూడా పిలిచేవాళ్ళు. అలాంటి బాస్ దగ్గర నేనైతే పనిచేయలేను, ఎంత గొప్పవాడైనా సరే.

ఇప్పుడు 1954కి వద్దాం. కంపెనీ మూలధనం 60 లక్షల యెన్‌లుగా ఉన్న రోజుల్లోనే 45 కోట్ల యెన్‌ల విదేశీ యంత్రాలకి ఆర్డర్ పెట్టి కూర్చున్నారు. ఆ ఏడు అమ్మకాలు పడిపోయాయి. జూనో అనే స్కూటర్ దెబ్బతింది. కంపెనీ మునుగుతుందా తేలుతుందా అన్న ఆ మార్చి నెలలో, బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే టీటీ రేసులో పాల్గొని గెలుస్తామని సోయిచిరో పేరుతో ప్రకటన వచ్చింది. జూన్‌లో ఆయన స్వయంగా వెళ్ళి ఆ రేసు చూశాడు. జర్మనీ ఎన్ఎస్‌యూ లాంటి కంపెనీల ఇంజిన్లు అదే సైజులో తన ఇంజిన్ల కంటే దాదాపు మూడు రెట్లు పవర్ ఇస్తున్నాయి. సంచీలో పట్టినన్ని చెయిన్లు, టైర్లు, కార్బురేటర్లు కొనుక్కుని ఇంటికొచ్చాడు.

మూడు రెట్లు పవర్ ఎక్కడినుంచి వస్తుంది? సైజు పెంచకూడదు, అది క్లాసు రూలు. టూ-స్ట్రోక్ అయితే ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది, ఫోర్-స్ట్రోక్ రెండు చుట్లకి ఒకసారి. సోయిచిరోకి ఫోర్-స్ట్రోకే కావాలి. అలాంటప్పుడు మిగిలిన దారి ఒక్కటే, ఇంకా తిప్పడం. తిప్పితే ఏది ముందు చేతులెత్తేస్తుందంటే, సాధారణంగా వాల్వు. కామ్ తోసినప్పుడు తెరుచుకుంటుంది గానీ, వెనక్కి తెచ్చి మూయాల్సింది స్ప్రింగు. ఒక వేగం దాటాక స్ప్రింగు అందుకోలేదు, వాల్వు గాల్లో తేలుతుంది, కింద నుంచి వస్తున్న పిస్టన్‌కి ఎదురుపడుతుంది. ఆ తర్వాత మిగిలేది తుక్కే. కాబట్టి రెండు బరువైన వాల్వుల చోట నాలుగు తేలికైనవి పెట్టారు. కామ్‌ని తలమీదికి తెచ్చారు. ఒక పెద్ద సిలిండర్ చోట చిన్నవి రెండు, నాలుగు, చివరికి ఆరు పెట్టారు.

1959లో మొదటిసారి టీటీకి వెళ్ళిన 125 సీసీ జట్టులో నవోమి తనిగుచి ఆరో స్థానంలో వచ్చాడు, జట్టు బహుమతి కూడా దక్కింది. 1961లో అదే దీవిలో 125లోనూ 250లోనూ మొదటి ఐదు స్థానాలూ హోండావే, రెండు క్లాసుల్లోనూ మొదటివాడు మైక్ హెయిల్‌వుడ్. 1966లో ఆరు సిలిండర్ల 250 సీసీ బండి ఆర్‌సీ166 దాదాపు 18,000 ఆర్పీఎం తిరిగింది. ఆ ఏడు హెయిల్‌వుడ్ దానిమీద పోటీచేసిన పది రేసులూ గెలిచాడు.

కానీ నా ఇష్టదైవం అది కాదు. దాని చిట్టి చెల్లెలు, 50 సీసీ ఆర్‌సీ116. రెండు సిలిండర్లు, ఒక్కో పిస్టన్ వ్యాసం 35.5 మి.మీ., అంటే కూల్‌డ్రింక్ సీసా ఇనప మూత కంటే కొంచెం పెద్దది. 21,500 ఆర్పీఎం దగ్గర 14 గుర్రాల బలం. లీటరుకి లెక్కేస్తే 280. ఆ వేగంలో ఒక్కో వాల్వు సెకనుకి 179 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. పవర్ వచ్చే పరిధి సన్నటి సందు కాబట్టి అందులోంచి బయటపడకుండా తొమ్మిది గేర్లు పెట్టారు.

ఇక్కడే బుల్లెట్ పార్టీ వాళ్ళకి నేనొక లెక్క చూపిస్తుంటాను. ఇంజిన్ ఎంత ఒత్తిడిలో ఉందో ఆర్పీఎం అంకె ఒక్కటే చెప్పదు, పిస్టన్ సగటు వేగం కూడా చూడాలి. స్ట్రోకుని రెండుతో, ఆర్పీఎంతో గుణించి 60తో భాగిస్తే చాలు. ఇప్పటి బుల్లెట్ 350 స్ట్రోకు 85.8 మి.మీ., గరిష్ఠ పవర్ వచ్చేది 6,100 దగ్గర. పిస్టన్ వేగం సెకనుకి 17.4 మీటర్లు. ఆర్‌సీ116 స్ట్రోకు 25.14 మి.మీ., 21,500 దగ్గర పిస్టన్ వేగం 18 మీటర్లు. తేడా ఎంతో చూశారా? మన పార్కింగులో ఉండే 155 సీసీ ఆర్15 అయితే 58.7 మి.మీ. స్ట్రోకుతో 10,000 దగ్గర 19.6 మీటర్లకి పోతుంది. అంటే నిదానంగా ఉన్నాననుకునే బుల్లెట్ పిస్టనూ, కీచుమనే రేసు పిస్టనూ దాదాపు ఒకే వేగంతో పరిగెడుతున్నాయి. స్ట్రోకు తగ్గించి, ఆ మిగులుని చుట్ల రూపంలో ఖర్చుపెట్టడమే హోండా చేసిన పని. ఊరికే రాలేదు లెండి. ఆ చిన్న పిస్టన్ పై కొసలో ఆగి వెనక్కి తిరిగేటప్పుడు పడే త్వరణం భూమ్యాకర్షణకి ఆరువేల రెట్ల పైమాటే. దాన్ని తట్టుకోవాలంటే ప్రతి గ్రామూ చెక్కాలి.

ఈ రేసుల విద్య షోకేసులో ఉండిపోలేదు, నాకు నచ్చేది అదే. 1958లో వచ్చిన సూపర్ కబ్ ఇడ్లీలు డెలివరీ చేసే కుర్రాడి బండి లాంటిది (వాళ్ళకి నూడుల్స్ అనుకోండి). 50 సీసీ. అయినా 4.5 గుర్రాల బలం, అదీ 9,500 ఆర్పీఎం దగ్గర! 2017 నాటికి ఆ బండ్లు 10 కోట్లు దాటాయి. పడుకోబెట్టినట్టుండే ఆ సింగిల్ సిలిండర్ వంశంలోనిదే 1985లో మన దేశంలో దిగిన హీరో హోండా సీడీ 100 ఇంజిన్. మా పెదనాన్న ఇప్పటికీ పొలానికి దానిమీదే వెళ్తాడు. దాని తాతముత్తాతలు రేసుల ఇంట్లో పెరిగారంటే నమ్మడు. 1959లో సీబీ92 వచ్చింది. 125 సీసీ, రెండు సిలిండర్లు, 10,500 దగ్గర 15 గుర్రాలు. కుర్రవాళ్ళు కొనుక్కోగల స్పోర్ట్స్ బండి అనే మాటకి నా లెక్కలో అసలైన మొదలు అదే.

సరదా ఎక్కడుందో కూడా చెప్పేస్తాను. వెయ్యి సీసీ బండి మీద మొదటి గేరులోనే వంద దాటిపోతుంది. ఎర్ర గీత ఎలా ఉంటుందో రోడ్డు మీద చూడనే చూడలేం, చూస్తే అది మన చివరి చూపు కావచ్చు. చిన్న బండి రెండో గేరులో గీత ముట్టుకున్నా వందకి ఇవతలే ఉంటాం. ఇంజిన్‌లో ఉన్నదంతా వాడుకుంటాం. గేరు ఎప్పుడు మార్చాలో చెవి చెబుతుంది, ఎనిమిది వేల దగ్గర గొంతు మారుతుంది, ఆ మార్పు కోసమే ఎదురుచూస్తాం. ఇప్పుడు గీత దాటితే ఈసీయూ ఇగ్నిషన్‌నో ఇంధనాన్నో ఆపేసి కాపాడుతుంది. సోయిచిరో కాలంలో లిమిటర్ ఉండేది రైడర్ మణికట్టులోనే. ఇంకోటి, కొత్తగా కొన్న జూనియర్లు ఇది వినాలి: లిమిటర్ పైకి పోకుండా ఆపుతుందే గానీ, ఐదో గేరులో వేగంగా పోతూ పొరపాటున రెండోదిలోకి దింపితే ఏమీ చేయలేదు. అప్పుడు ఇంజిన్‌ని తిప్పేది పెట్రోలు కాదు, వెనక చక్రం. వాల్వులకి ఆ తేడా తెలియదు.

సోయిచిరో దగ్గర కూడా అలాంటి ఒక గేరు ఉంది. ఆయనకి ఎయిర్ కూలింగ్ మీద మొండి నమ్మకం. నీళ్ళతో చల్లబరిచినా ఆ నీళ్ళని చల్లబరచాల్సింది గాలే కదా, మధ్యలో నీళ్ళెందుకు అని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంటుంది. వైవాలో చెబితే మార్కులు కూడా పడొచ్చు. 1968లో ఫార్ములా వన్ కోసం ఆర్ఏ302 అనే ఎయిర్ కూల్డ్ కారు కట్టించాడు. జట్టు డ్రైవర్ జాన్ సర్టీస్ అది సిద్ధంగా లేదని నడపనన్నాడు. ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీకి దాన్ని జో ష్లెసర్‌కి ఇచ్చారు. జూలై 7న రూవాన్‌లో, వర్షంలో, రేసు మొదలైన కాసేపటికే కారు గట్టుకి గుద్దుకుని తగలబడింది. మెగ్నీషియం వాడిన బాడీ, నిండు ట్యాంకు. ష్లెసర్ అక్కడే చనిపోయాడు. ఆ ఏడాది చివరికి హోండా ఫార్ములా వన్ వదిలేసింది.

దీన్ని దాటేసి ఆయన కథ చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. ప్రమాదానికి వాన కారణమా, తడి రోడ్డా, ఇంజిన్ తడబాటా అని ఎన్నయినా అనొచ్చు. సిద్ధంగా లేదని నడిపేవాడే చెప్పిన కారుని ట్రాక్ మీదికి పంపారన్నది మాత్రం నిజం. అంత జరిగాక కూడా సోయిచిరో వెంటనే మారలేదు. 1969లో హెచ్1300 అనే కారుని ఎయిర్ కూలింగ్‌తోనే తెచ్చాడు. బరువు, ఖర్చు రెండూ పెరిగాయి. పొగలో విషాన్ని తగ్గించాలంటే సిలిండర్ వేడి ఒకేలా ఉండాలి, దానికి నీళ్ళే మేలని కుర్ర ఇంజినీర్లకి తెలుసు. ఆయనకి చెప్పే ధైర్యం లేక ఫుజిసావా దగ్గరకి వెళ్ళారు. ఆయన ఫోన్ చేసి, కంపెనీ అధ్యక్షుడిగా ఉంటావా, ఇంజినీరుగా ఉంటావా తేల్చుకో అన్నట్టు అడిగాడు. సోయిచిరో అధ్యక్షుడిగా ఉంటానన్నాడు, నీళ్ళకి ఒప్పుకున్నాడు. 1972లో అమెరికా కాలుష్య నిబంధనలని అందుకున్న సీవీసీసీ ఇంజిన్ ఆ కుర్రాళ్ళ చేతుల్లోంచే వచ్చింది.

మరుసటి ఏడాది, 1973లో, సోయిచిరో, ఫుజిసావా ఇద్దరూ కలిసి తప్పుకున్నారు. ఆయనకి అప్పటికి 66 ఏళ్ళు. పిల్లల్ని కంపెనీలోకి తేలేదు. 45 ఏళ్ళ కియోషి కవాషిమా అధ్యక్షుడయ్యాడు, 1951లో కంపెనీ మొదటి ఫోర్-స్ట్రోక్ ఇంజిన్ గీసిన కుర్రాడే. తర్వాత సోయిచిరో దేశమంతా తిరిగి డీలర్లని, ఫ్యాక్టరీల్లో పనివాళ్ళని ఒక్కొక్కరినీ కలిసి చేతులు కలిపాడు. ఒకచోట ఒక పనివాడు తన చేతికి నూనె అంటుకుందని వెనక్కి తీసుకోబోతే, ఆ చెయ్యి అలాగే పట్టుకున్నాడట.

1990లో హోండా సీబీఆర్250ఆర్ఆర్ వచ్చింది. నాలుగు సిలిండర్లు, ఒక్కో పిస్టన్ స్ట్రోకు 33.8 మి.మీ., ఎర్ర గీత 19,000 దగ్గర. రేసు బండి కాదు. జపాన్‌లో 250 సీసీ లోపు బండ్లకి ఖరీదైన తనిఖీల బెడద లేదు కాబట్టి అక్కడి కుర్రాళ్ళు ఎగబడి కొనుక్కున్న తరగతి అది. హెయిల్‌వుడ్ పది రేసులు గెలిచిన బండి కంటే ఎక్కువ తిరిగే ఇంజిన్‌ని ఇరవై నాలుగేళ్ళ తర్వాత షోరూంలో అమ్మారు.

ఆ మరుసటి ఏడాది, 1991 ఆగస్టు 5న, టోక్యోలో లివర్ వ్యాధితో ఆయన చనిపోయారు. కంపెనీ తరఫున పెద్ద అంత్యక్రియలు వద్దని ముందే చెప్పి ఉంచారు. కార్లు, మోటార్ సైకిళ్ళు చేసి బతికిన మనిషి తన చావుతో రోడ్ల మీద ట్రాఫిక్ జామ్ చేయకూడదని ఆయన ఉద్దేశం.